శిలమ్మరేవులో వీపు దర్శనం

రండి తల్లీ, రండి నాయనా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. గెడ్డ హోరులో వెనకవాళ్ళకు మాట అందదు. ఒళ్ళో పసివాళ్ళున్న తల్లులు ఇంకాస్త ముందుకు రండి. బిడ్డ ఏడిస్తే లేచి బయటికి పోవాలేమోనని బెంగపడకండి. ఈ సన్నిధిలో పసిబిడ్డ ఏడుపును ఎవరూ ఆపరు, ఆపమని ఎవరూ కసురుకోరు. అలా ఎందుకన్నది కథ ముగిసేసరికి మీకే తెలుస్తుంది.

ముందుగా ఈ చోటును కళ్ళారా చూడండి. కొండల మీంచి దిగివచ్చే ఈ వాగు, కొమ్ముగెడ్డ, ఇక్కడ ఒక మెలిక తిరిగి పల్లానికి పోతుంది. ఆ మెలిక ఒడ్డునే మనం కూర్చున్న ఈ మండపం. నాలుగు స్తంభాలు, ఒక పెంకుల కప్పు, ఒక గంట. ఇంతకు మించి గుడి అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. గర్భాలయం లేదు, తలుపులు లేవు, తాళాలు అసలే లేవు. అమ్మవారు అదిగో, గెడ్డ నడుమ, నీళ్ళలోనే నిలబడి ఉంది. మనిషెత్తు నల్లరాయి. కుడిచేయి చాచి ఊతకర్ర పట్టుకున్నట్టు రాతిలో ఒక మడత. మెడ వంపున కుంకుమ, భుజాల మీద పసుపు.

మొదటిసారి వచ్చినవారు అడిగే మాట ఒకటే. "అమ్మవారి ముఖం ఏదండీ?" అంటారు. ముఖం ఎగువవైపు ఉంది. మనకు కనిపించేది వీపు. ఈ క్షేత్రంలో దర్శనమంటే వీపు దర్శనమే. రాయి చుట్టూ తిరిగి ముఖం చూడాలని ఎవరూ ప్రయత్నించరు. ఎండాకాలంలో గెడ్డ పాదాల లోతుకు తగ్గినప్పుడు కూడా, పసుపు రాసే పూజారమ్మ సైతం అమ్మవారి భుజాలు దాటి ముందుకు అడుగు వెయ్యదు.

ఇక ఈ తల్లి పేరు సంగతి. శిల అంటే రాయి అని చిన్నపిల్లలకూ తెలుసు. లోకంలో ఎవరినైనా 'శిలైపోయాడు' అంటే భయంతోనో ఆశ్చర్యంతోనో కొయ్యబారి నిలబడిపోయాడని అర్థం. పురాణాల్లోనైతే శాపం తగిలినవారు శిలలయ్యారని వింటాం. కరగని మనసును రాయి అంటాం. ఎటు చూసినా ఆ మాటకు మంచిపేరు లేదు. కానీ ఈ గెడ్డకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో మాత్రం శిల కావడమంటే చాలా పెద్ద మాట. ఆసుపత్రిలో మంచం పక్కన వారం రోజులు కదలకుండా కూర్చున్న కోడలి గురించి అత్తగారు ఊరంతా చెప్పుకుంటుంది, "నా కోడలు నాకు శిలైందమ్మా" అని. వెనకటికి ఒక బడిపంతులు ఇక్కడ పదకొండేళ్ళు పనిచేసి బదిలీ మీద వెళ్తుంటే ఊరివాళ్ళు సన్మానం చేశారట. ఒక ముసలాయన దండ వేసి, చేతులు జోడించి, "మా గుంటలకి మీరు శిలైనారు బాబూ" అన్నాడట. గుంటలంటే ఇక్కడ పిల్లలు. దూరప్రాంతం నుంచి వచ్చిన ఆ పంతులుగారి ముఖం అక్కడే వాడిపోయింది. పదకొండేళ్ళ చాకిరీకి ఇదా పేరు అని కుమిలిపోయాడు. భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాయన విషయం విడమర్చి చెప్పాక, పంతులుగారు చెయ్యి కడుక్కుని తిన్నగా ఇక్కడికి వచ్చి, అమ్మవారి వీపుకు సాష్టాంగపడ్డాడు.

ఆ మాటకు ఈ అర్థం ఎలా వచ్చిందో, ఆ నల్లరాయి మనకు వీపు ఎందుకు చూపుతుందో ఇప్పుడు చెబుతాను. మనసు పెట్టి వినండి.

పూర్వం ఇక్కడ వంతెన లేదు, రోడ్డు లేదు. వారానికొకసారి కొండమీద సంత జరిగేది. పల్లపు ఊళ్ళవాళ్ళు ఉప్పు, కుండలు, ఎండుచేపలు కావిళ్ళలోనూ గంపల్లోనూ మోసుకుని ఈ రేవు దాటి కొండెక్కేవారు. మర్నాడు పసుపు, చింతపండు, అడ్డాకులు దించుకుని మళ్ళీ ఇదే రేవు దాటి వచ్చేవారు. దాటే తోవ గెడ్డకు అడ్డంగా, కాస్త దిగువకు ఏటవాలుగా సాగి, మెలిక దగ్గర ఈ ఒడ్డుకు చేరుతుంది. ఆ తోవకు ఎగువన, రెండు బారల దూరంలో, ఒక మడుగు ఉంది. తోవ తప్పి అందులో అడుగు వేసినవాళ్ళు తేలింది లేదు. అందుకని తోవకూ మడుగుకూ నడుమ ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడాలి. జనం ఆ మనిషికి దిగువనే నడవాలి. ఈ పనికి ఊరు ఒక ఇంటిని నియమించింది. ఆ ఇంటిని 'రేవు నిలిచే ఇల్లు' అనేవారు. దాటినవాళ్ళు గుప్పెడు ఉప్పో, రెండు కాయలో వాళ్ళ గుమ్మంలో పెట్టి పోయేవారు.

ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఉన్నది తవిటమ్మ ఒక్కతే. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలూ దక్కకపోతే, ఈ పిల్ల అయినా నిలవాలని తల్లి పొరుగింటివారికి ఇచ్చేసి, చాటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. అలా తవిటమ్మ అయింది. తండ్రి అప్పలసూరి కూతురికి నడక వచ్చీ రాగానే నీళ్ళలో నిలబెట్టి పని నేర్పాడు. ఆ పనికి మూడు కట్టుబాట్లు. నిలబడ్డవాళ్ళ ముఖం ఎగువకే ఉండాలి. వరద నీటి రంగు మారడం, దుంగలు కొట్టుకురావడం ముందు వాళ్ళే చూడాలి కనుక. రెండోది, దాటేవాళ్ళ కోసం వెనక్కి తిరగకూడదు. ఒక్క చూపు వెనక్కి పోయిన లిప్తలోనే గెడ్డ తన పని కానిచ్చేస్తుంది. ఇక మూడోది. వెనక ఏం జరుగుతోందో తెలియదు కనుక, వరసలో ఆఖరున దాటిన మనిషి ఒడ్డెక్కి "దాటీసినాం!" అని గట్టిగా కేకెయ్యాలి. ఆ కేక వినబడేదాకా నిలబడ్డ మనిషి కదలకూడదు.

తవిటమ్మకు ఎవరైనా మనువు మాట ఎత్తితే, "గెడ్డని మూటగట్టుకుని అత్తోరింటికి పోనా?" అని నవ్వేసేది. తండ్రి పోయాక ఆ ఊతకర్ర ఆమె చేతికే వచ్చింది.

ఆ రేవు దాటేవాళ్ళలో గున్నమ్మ అని ఒకామె ఉండేది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వారం వారం సంతకు పోయేది. భర్త లేడు. గౌరి అని ఒక్కతే కూతురు. గున్నమ్మ నోరు పెద్దది. ఆమె సందు మొదట్లో అరిస్తే సందు చివర కుక్కలు లేచేవి. అంత నోరున్న మనిషికి రేవులో కేకెయ్యడమంటే మాత్రం ఎక్కడలేని విసుగు.

"ఏటే తవిటీ, ఒడ్డెక్కీసినట్టు కనబడతానే ఉన్నాం కదా, మళ్ళీ అరవాలేటి?" అనేది.

"కనబడతావు, ఎవులికి? నా ఈపుకి కళ్ళున్నాయేటప్పా?" అనేది తవిటమ్మ, తల తిప్పకుండానే.

"నీ ఈపు సూసి సూసి నీ ముఖం మరిసిపోనాను."

"మరిసిపోతే మరిసిపో. నా గుమ్మంలో రెండు నెత్తళ్ళు పెట్టడం మరవకు. అయ్యీ గంపలో అన్నిటికన్నా సిన్నవి ఏరి పెడతావు, నాకు తెల్దనుకోకు."

దాటుతున్న జనమంతా నవ్వేవారు. గున్నమ్మ సణుక్కుంటూనే కేక వేసేది. ఎన్నేళ్ళు మాటలనుకున్నా ఒక్క వారం కూడా మానలేదు. గౌరి పసిపిల్లగా ఉన్నప్పుడు నీళ్ళకు జడిసి ఏడిస్తే, తవిటమ్మే భుజం మీద ఎక్కించుకుని దాటించేది. గెడ్డ అవతల కొండ కింది ఊరికి గౌరిని ఇచ్చి పెళ్ళి చేసి పంపిన రోజున, నీళ్ళలో నిలబడి ఎగువకు ముఖం పెట్టుకుని ఏడ్చింది కూడా తవిటమ్మే. ఆ ఏడుపు ఎవరికీ కనబడలేదు. వీపు కదలడం గున్నమ్మ ఒక్కతే గమనించింది.

ఆ యేడు ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చింది. గౌరికి నెలలు నిండాయి. పురిటికి తీసుకురావడానికి గున్నమ్మ సంత నుంచి అటే వెళ్ళి, కూతుర్ని వెంటబెట్టుకుని రేవుకు చేరింది. అప్పటికే సంత జనం ఇరవై మందికి పైగా కావిళ్ళతో దాటుతున్నారు. కొండల మీద మబ్బు నల్లగా దిగింది. తవిటమ్మ మొల లోతు నీళ్ళలో కర్ర పాతి నిలబడి, "బేగి నడవండి, బేగి! నీళ్ళు ఎర్రబడతన్నాయి!" అని తొందర పెడుతోంది.

తల్లీకూతుళ్ళు వరసలో ఆఖరున నీళ్ళలో దిగారు. నడిమికి వచ్చేసరికి గౌరికి నొప్పి మొదలైంది. తల్లి చెయ్యి పట్టుకుని నీళ్ళలోనే నిలిచిపోయింది. "అమ్మా, నాను నడవలేను" అంది.

తవిటమ్మకు ఆ మూలుగు వినబడింది. తల తిప్పలేదు. "గౌరీ! నా మాట ఇను. ఒక అడుగు. మళ్ళీ ఇంకో అడుగు. ఎగువ సంగతి నాను సూసుకుంతాను, నీకెందుకు? ఓ గున్నప్పా, దాన్ని కాస్త నవ్వించవే!"

గున్నమ్మ ఉన్నంత గొంతు పెట్టి అరిచింది. "ఇనే తవిటీ! ఆడగుంట పుడితే నీకు గంపెడు నెత్తళ్ళు! పెద్దవి!"

"ఓలమ్మో, ఇన్నారా? రెండుకి మించి ఇవ్వని సెయ్యి గంపెడు ఇస్తాదట! అందరూ సాచ్చికం!"

నొప్పిలోనూ గౌరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే నాలుగడుగులు వేసింది. ఆ వెనక ఇంకో నాలుగు. వానా మొదలైంది. ఎలాగో ఒడ్డు చేరింది. ఒడ్డున కాలు మోపడం, కూలబడిపోవడం ఒక్కసారే అయ్యాయి. ఆడవాళ్ళంతా గంపలు దించి పరుగెత్తుకొచ్చారు. కుండలమ్మే ముసలమ్మకు పురుళ్ళు పోయడం తెలుసు. "ఇంక ఊరిదాకా ఆగదు, కోకలు అడ్డం పట్టండి!" అంది. నలుగురు నాలుగు కోకలు చాటు పట్టారు. మగవాళ్ళు బండి కోసం, నిప్పు కోసం ఊళ్ళోకి ఉరికారు. గున్నమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాన హోరు, గెడ్డ హోరు కలిసిపోయాయి. ఏది ఏదో తెలియలేదు.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. ముసలమ్మ బిడ్డను తలకిందులుగా పట్టుకుని అరికాళ్ళ మీద తట్టింది. ఏడవలేదు. మళ్ళీ తట్టింది. మూడోసారి తట్టగానే ఆ పసికందు నోరు తెరిచి ఒక్క కేక పెట్టింది. అబ్బ, ఏం గొంతు! కోకలు పట్టుకున్న ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వారు. "అమ్మమ్మ నోరే!" అన్నారు.

గున్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "తవిటికి సెప్పాలే! ఆడగుంటే పుట్టిందని, గంపెడు నెత్తళ్ళూ..." అని లేవబోయింది.

ఆఖరున దాటింది తాను. కేక వెయ్యాల్సింది తాను. వెయ్యలేదు.

కోకల చాటు తోసుకుని రేవులోకి పరుగెత్తింది. గెడ్డ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఎర్రగా పొంగి పోతోంది. నడుమ ఒక్కచోట మాత్రం ఆ వరద రెండుగా చీలి, అటూ ఇటూ తప్పుకుని పోతోంది. చీలిన చోట తవిటమ్మ నిలబడి ఉంది. నీళ్ళు భుజాల దాకా వచ్చాయి. చెయ్యి చాచే ఉంది. ముఖం ఎగువకే ఉంది.

"దాటీసినాం! తవిటీ, దాటీసినామే! రాయే! ఇంక సాలు, ఒడ్డుకి రాయే!"

ఊరు ఊరంతా లేచే గొంతు అది. తవిటమ్మ వెనక్కి తిరగలేదు. గున్నమ్మ నీళ్ళలోకి దూకబోతే ఊళ్ళోంచి తిరిగొచ్చిన మగవాళ్ళు నడుము పట్టి ఆపారు.

కొండగెడ్డలు ఎంత బేగి పొంగుతాయో అంత బేగి తగ్గుతాయి. పొద్దు గుంకకముందే నీళ్ళు మొల లోతుకు దిగాయి. అందరూ చేతులు పట్టుకుని గొలుసులా లోపలికి వెళ్ళారు. ఇద్దరు మనుషులు చేతులు కలిపి పట్టినా అందనంత మద్దిదుంగ ఒకటి తవిటమ్మకు తగిలి, పక్కకు తిరిగి, మడుగు అంచున అడ్డంగా పడి ఉంది. అది తోవ మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ నోటితో అనలేదు. గున్నమ్మ ముందుకు వెళ్ళి తవిటమ్మ భుజం మీద చెయ్యి వేసింది. చేతికి రాయి తగిలింది. తడికోక కుచ్చిళ్ళు ఎక్కడివక్కడ రాతి మడతలయ్యాయి. కానీ ఆ రాయి చల్లగా లేదట. అప్పుడే పొయ్యి మీంచి దించిన కుండలా వెచ్చగా ఉందట.

ఆ వేళ నుంచి గున్నమ్మ అన్నం ముట్టలేదు. మనవరాలిని ఎత్తుకోలేదు. "ఆ గుంటని సూస్తే నా మరుపే గుర్తొస్తాది. దేవుడు ఇంత నోరు ఇచ్చి ఏటి లాభం, ఒక్క మాట దగ్గర మూగదాన్నయిపోనాను" అని గోడకు ముఖం పెట్టుకుని కూర్చుంది. గౌరి ఎంత బతిమాలినా వినలేదు. బిడ్డ ఏడుస్తుంటే చెవులు మూసుకునేది.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం. బిడ్డకు నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేశారు. ఆ పొగలోనే, గోడకు ఆనుకుని కూర్చున్న గున్నమ్మకు కళ్ళు మూతపడ్డాయి. కలలో రేవు కనిపించింది. తవిటమ్మ నీళ్ళలో నిలబడి ఉంది, ఎప్పటిలాగే ఎగువకు చూస్తూ.

"ఏటప్పా, ముఖం మాడ్చుకుని కూకున్నావట? గంపెడు నెత్తళ్ళు ఇవ్వాలొచ్చిందనా?"

గున్నమ్మ బావురుమంది. "నాను కేకెయ్యనేదే తవిటీ. ఆఖర్న దాటి కూడా కేకెయ్యనేదు. నిన్ను నానే..."

"కేక ఇనబడింది కదప్పా."

"ఎవులేసినారు? నాను యెయ్యనేదు."

"ఆఖర్న దాటినోళ్ళే ఏసినారు. నువ్వనుకున్నావేటి ఆఖరు? నువ్వూ కాదు, గౌరీ కాదు. గౌరి కడుపులో ఉన్న గుంట. అది ఒడ్డున పడి కట్టుబాటు పెకారం కేకేసింది. గెడ్డ హోరు దాటుకుని ఇనబడింది నాకు. అది ఇన్నాకే నాను కన్ను మూసినాను."

గున్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దుంగ రావడం సూసినాను," అంది తవిటమ్మ. "తప్పుకుందునా, అది తోవ మీదికే పోతాది. మీరు నీళ్ళల్లో ఉన్నారో ఒడ్డున ఉన్నారో నాకు తెల్దు. గంగమ్మతల్లిని అడిగినాను, అమ్మా, ఆఖరి కేక ఇనబడేదాకా నా కాళ్ళు కదలనీకు అని. ఆ తల్లి సెయ్యి నీ సెయ్యి లాంటిది కాదప్పా, పెద్దది. కాళ్ళు అడిగితే ఒళ్ళంతా ఇచ్చింది. జడిసి రాయి అవ్వనేదు నాను. అడిగి అయినాను. నా గురించి ఎవులూ ఏడవొద్దని సెప్పు. నాకు గుడి కట్టొద్దు. దాటినోళ్ళు దాటీసినామని ఒక్క కేకెయ్యండి, ఇంటాను. నా ముఖం సూడాలని ఎవులూ ఎగువకి రావొద్దు. ఎగువ నాను సూసుకుంతాను. మీరు మీ తోవ సూసుకోండి."

గున్నమ్మ ఉలిక్కిపడి లేచింది. ఉయ్యాలలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. గున్నమ్మ చెవులు మూసుకోలేదు. తిన్నగా వెళ్ళి మనవరాలిని ఎత్తి గుండెకు హత్తుకుంది. "ఏడువే తల్లీ, ఏడు. నీ కేక సల్లగుండ" అంది. వాకిట్లోంచి చూస్తున్న గౌరికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ సాయంత్రమే గున్నమ్మ ఇంట్లో ఉన్న నెత్తళ్ళన్నీ గంపకెత్తింది. పెద్దవి పైన పేర్చింది. గంప నెత్తిన, బిడ్డ చంకన, రేవుకు వచ్చింది. ఊరంతా అక్కడే ఉంది. "పాపం, తవిటి శిలైపోనాదే" అని ఆడవాళ్ళు శోకాలు పెడుతున్నారు. గున్నమ్మ వాళ్ళ మీద ఇంతెత్తున లేచింది.

"పాపమేటి పాపం? శాపం తగిలి అయ్యిందేటి? జడిసి అయ్యిందేటి? మీరూ నానూ ఒడ్డున పడాలని అయ్యింది. ఇంక ఈ ఊళ్ళో ఆ మాట ఎవులన్నా తలెత్తి అనండి. తవిటి మనకి శిలైంది!"

అలా ఆ మాట ఈ పల్లెల్లో పొగడ్త అయింది. ఒకరు ఒడ్డు చేరేదాకా ఇంకొకరు కదలకుండా నిలబడితే, దాని పేరు శిల కావడం. పండితులు నిఘంటువులో ఇంకో అర్థం చెబుతారు, వారి మాటా నిజమే. మాకు మాత్రం ఆ మాటకు పుట్టిల్లు ఈ గెడ్డే.

గున్నమ్మ గంప దించి, గొంతెత్తి గెడ్డ అదిరేలా "దాటీసినాం తల్లీ!" అని కేక వేసింది. అంతకుముందు ఆ కేకకు ఎంత విసుక్కునేదో, ఆ రోజు నుంచి బతికినన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి అంత ఇష్టంగానూ వేసేది. ఆ రోజు తాను మరిచిన మాటను మరవలేదు. కల ఊరడించినంత మాత్రాన తన మరుపును ఒప్పు అని ఎన్నడూ అనుకోలేదు. అందుకే మనవరాలికి పేరు పెట్టేటప్పుడు రెండో ఆలోచన లేకుండా తవిటమ్మ అని పెట్టింది. నీళ్ళలో తల్లి శిలమ్మ అయింది, ఇంట్లో పాప తవిటమ్మ అయింది.

చాలా ఏళ్ళకు, ఒక దివాణం నుంచి ఒక పెద్దమనిషి మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడట. "ఇదేం దర్శనం? అమ్మవారిని ఒడ్డువైపు తిప్పి ముఖం చెక్కిస్తాను, బంగారు కళ్ళు పెట్టిస్తాను" అని మోకులూ ఎడ్లూ తెప్పించాడు. అప్పటికి గున్నమ్మ పండు ముసలిది. కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎడ్ల ముందు నిలబడింది. "తిప్పండి బాబూ, అలాగే తిప్పండి. మరి ఎగువ ఎవులు సూస్తారు? నువ్వు నిలబడతావేటి?" అని అడిగింది. ఆయన కాసేపు నీళ్ళ వంక చూశాడు, కాసేపు మడుగు వంక చూశాడు. మోకులు విప్పించి, ఆ సొమ్ముతో ఒడ్డున ఈ నాలుగు స్తంభాలూ వేయించి, గంట కట్టించి వెళ్ళాడు. మనం కూర్చున్నది దాని నీడలోనే.

నాటి నుంచి నేటి వరకు గున్నమ్మ వంశంలో తొలి ఆడపిల్లకు తవిటమ్మ అనే పేరు. ఆమే ఇక్కడ పూజారమ్మ. ఇదిగో, మీకు ఇందాక కుంకుమ ఇచ్చిందే, ఆ తవిటమ్మే. వారంలో ఆరు రోజులు ఎండుచేపలు అమ్ముకుంటుంది, ఏడో రోజు అమ్మవారికి పసుపు రాస్తుంది. ఎండుచేపల గంపతో లోపలికి రావచ్చా అని అడిగేవారుంటారు. ఈ మండపంలో మొదటి నైవేద్యమే నెత్తళ్ళ గంప. అందులోనూ పెద్దవి ఏరి పైన పెట్టాలి. చిన్నవి పెడితే అమ్మ పట్టేస్తుంది.

ఇప్పుడు పైన వంతెన ఉంది. తడవకుండా దాటేస్తున్నాం. అయినా బస్సు వంతెన చివరికి రాగానే డ్రైవరు నెమ్మది చేస్తాడు, కండక్టరు ముందుగా "దాటీసినాం తల్లీ" అంటాడు, బస్సంతా అందుకుంటుంది. నిద్రపోతున్నవాళ్ళు నిద్రలోనే అంటారు. నీళ్ళు అమ్మవారి మొల తాకితే నేటికీ దిగువ రేవుల్లో ఎవరూ గెడ్డలో దిగరు. పురిటి మైల తీరాక చుట్టుపక్కల ఊళ్ళ తల్లులు బిడ్డను తెచ్చి ఈ స్తంభం దగ్గర పడుకోబెడతారు. బిడ్డ ఏడ్చినప్పుడు పూజారమ్మ గంట కొడుతుంది. అది ఆఖరున దాటిన మనిషి కేక. అమ్మ వినాల్సిన కేక. అందుకే ఇక్కడ దాన్ని ఎవరూ ఆపరు. బిడ్డ నవ్వుతూ ఉంటే ఏడ్చేదాకా ఓపికగా కూర్చుంటారు. ఆ ఎదురుచూపులో ఇక్కడ జరిగే కబుర్లు, నవ్వులు, పంచుకునే ఫలహారాలు చూడాలి మీరు.

ఈ తల్లిని తలచి ప్రయాణమైనవారు క్షేమంగా చేరతారని, పురిటికి వెళ్ళిన ఆడపిల్లలు పండంటి బిడ్డతో వస్తారని పెద్దల నమ్మకం. మా నమ్మకమూ అదే. ఎన్ని తరాల వాళ్ళు ఆమె వీపు చాటున దాటి ఒడ్డెక్కారో లెక్క చెప్పలేం. మన తాతముత్తాతలు అలా ఒడ్డెక్కబట్టే మనం ఈ పూట ఇక్కడ కూర్చుని ఆమె కథ చెప్పుకుంటున్నాం.

కథ అయింది. ఇక లేవండి, పొద్దు వాలుతోంది. వెళ్ళేముందు నాదొక్క మనవి. ఈ రోజు మీరు ఇంత దూరం రాగలిగారంటే, మీ వెనక ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. మీ ముఖం చూడకుండా, మీకు ముఖం చూపకుండా, మీ మీదికి వచ్చే దుంగలకు అడ్డుగా. అమ్మ కావచ్చు, అన్న కావచ్చు, పదకొండేళ్ళు చదువు చెప్పిన పంతులు కావచ్చు. మీరు ఒడ్డెక్కిన సంగతి వాళ్ళకు తెలియదు. ఇంకా నిలబడే ఉంటారు. నోరున్న గున్నమ్మే ఒకసారి మరిచిపోయింది, మనమెంత? అందుకని ఇల్లు చేరగానే, చెప్పులు విప్పకముందే, ఆ మనిషిని తలచుకుని, దగ్గరుంటే చెయ్యి పట్టుకుని, దూరాన ఉంటే ఫోను చేసి, ఆ ఒక్క మాట చెప్పండి.

ముందు ఇక్కడ ఒకసారి చెప్పి వెళ్దాం. గెడ్డ వైపు తిరగండి. పసిబిడ్డ ఏడుస్తోంది, ఏడవనివ్వండి. గొంతు దాచుకోకండి. అందరూ కలిసి అనండి.

దాటీసినాం తల్లీ!